తొట్టిలో తరిగిన నీళ్లు

కంపెనీ వాళ్లు మా ఆయనకు సగం బంగళా ఇచ్చారని కబురు అందగానే, మెట్‌పల్లిలో మా అవ్వ వాడంతా చెప్పుకుంది. బంగళా అంటే ఆమె మనసులో ఏం మెదిలిందో నాకు తెలియదు. ఒక బియ్యం సంచి, రెండు ట్రంకు పెట్టెలు, ఇత్తడి గిన్నెల మూట పట్టుకుని గోదావరి దాటి, ఆదిలాబాద్ జిల్లాలోని బొగ్గుబావుల ఊరికి కాపురానికి పోయాను. తీరా చూస్తే అది నిజాం కాలంలో ఎవరో ఇంగ్లీషు మేనేజరు ఉండి పోయిన ఇల్లు. నడిమధ్యలో ఇటుక గోడ లేపి ఇద్దరికి పంచారు. అటు సగంలో కంపెనీ దవాఖాన కాంపౌండరు, ఆయన భార్య ఉండేవారు. ఇటు సగంలో మేం ముగ్గురం. మా ఆయన, నేను, మా మామ. అత్త నేను రాకముందే కాలం చేసింది.

మా ఆయన ఆఫీసులో కూర్చుని బావుల నక్షాలు గీసేవాడు. మామ అదే కంపెనీలో ముప్ఫై ఏళ్లు బావి లోపల పంపు నడిపి కొలువు దిగిపోయిన మనిషి. బొగ్గు తీసే చోట ఎప్పుడూ నీళ్లు ఊరుతుంటాయి. వాటిని ఆగకుండా పైకి తోడాలి. ఆయన పని అదే. నేను వెళ్లేనాటికి అరవై దాటినా నడుము వంగలేదు. తక్కువ మాట్లాడేవాడు. పొద్దున్నే లేచి తన ధోవతి తానే పిండుకుని, తన మంచం తానే ఎత్తి గోడకు ఆనించేవాడు. కోడలిచేత చేయించుకోవడం ఆయనకు నచ్చదు.

గోడ కట్టినప్పుడు పాత బంగళా స్నానాల గది మా వైపుకు వచ్చింది. అందులో ఆ తొట్టి ఉంది. తెల్లటి పూత పూసిన ఇనుప తొట్టి, మనిషి పడుకునేంత పొడుగు, కింద జంతువు పంజాల్లాంటి నాలుగు కాళ్లు. అడుగున ఒక రంధ్రం, దానికి రబ్బరు బిరడా, బిరడాకు సన్నటి గొలుసు. దాన్ని చూసి మొదట నాకు ఏమీ అర్థం కాలేదు. పశువులకు కుడితి పోసేదాన్ని ఇంట్లో ఎందుకు పెట్టారని అడిగితే మా ఆయన నవ్వాడు. దొరలు అందులో నీళ్లు నింపుకుని కూర్చుని స్నానం చేస్తారట. ఒంటి మురికి కలిసిన నీళ్లలోనే కూర్చోవడం ఏం స్నానమో నాకు అంతు పట్టలేదు. ఎవరూ ఇంట్లో లేని ఒక మధ్యాహ్నం చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, నీళ్లు లేని ఆ తొట్టిలో దిగి కూర్చున్నాను. ఇనుము చల్లగా వీపుకు తగిలింది. కాసేపు పైకప్పు వైపు చూసి, ఎవరైనా చూస్తారేమోనని లేచి వచ్చేశాను. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

స్నానాలు మేం పక్కన నాపరాతి బండ మీదే చేసేవాళ్లం. ఆ నీళ్లు తూము గుండా పెరట్లో మోరీకి పోయేవి. తొట్టిని మాత్రం నీళ్లు నిల్వ పెట్టుకోవడానికి వాడుకున్నాం. కంపెనీ నల్లా పొద్దున ఒక్క గంట వచ్చేది. ఆ గంటలో తొట్టి నింపితే రోజంతా ఫికర్ లేదు.

శివరాత్రి వెళ్లి ఎండలు మొదలయ్యే రోజుల్లో నీళ్లు తరగడం మొదలైంది. పొద్దున అంచు దాకా నింపిన తొట్టి, నేను రెండు బిందెలైనా ముంచకముందే మధ్యాహ్నానికి నాలుగు వేళ్లు దిగి ఉండేది. మొదట నా లెక్కే తప్పిందనుకున్నాను. ఒకరోజు నల్లా ఆగగానే బొగ్గు ముక్కతో తెల్లటి పూత మీద గీత పెట్టాను. మధ్యాహ్నం చూస్తే నీళ్లు గీతకు జానెడు కింద ఉన్నాయి. మర్నాడు గీత దగ్గర నుంచి కదలనే లేదు. ఆ తర్వాతి రోజు మళ్లీ నాలుగు వేళ్లు. చిల్లు ఉంటే రోజూ కారాలి కదా, రోజు విడిచి రోజు కారే చిల్లు ఎక్కడైనా ఉంటుందా అని నాలో నేనే అనుకునేదాన్ని. తొట్టి కింద చేయి పెట్టి తడిమితే బండ పొడిగా ఉండేది. పెరట్లో మోరీ దగ్గరికి పోయి చూస్తే అక్కడ కూడా నీటి చుక్క జాడ లేదు. నీళ్లు తొట్టిలో లేవు, నేల మీద లేవు, మోరీలో లేవు. మరి ఎటు పోయినట్టు?

జవాబు పక్కింటి నుంచి వచ్చింది, కానీ అది ఇంకో ప్రశ్నలా వచ్చింది.

కాంపౌండరు భార్యను నేను ఆపా అని పిలిచేదాన్ని. నాకంటే పదేళ్లు పెద్దది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని వాడలో అందరికీ బట్టలు కుట్టేది. అది రంజాన్ నెల. పండగకు కుట్టమని నాలుగైదు ఇళ్ల వాళ్లు ఇచ్చిన గుడ్డలు మా ఇద్దరి ఇళ్లకు నడుమనున్న గోడ వారగా ఒక చెక్క పెట్టెలో పెట్టుకుంది. ఒక పొద్దున ఆమె ఆ పెట్టె మూత తీసేసరికి అడుగు గుడ్డలు తడిసి ముద్దయి ఉన్నాయి. ఎర్రటి జాకెట్టు గుడ్డ రంగు దిగి, పిల్లల లాల్చీల కోసం ఇచ్చిన తెల్లటి గుడ్డంతా మరకలు పడ్డాయి.

ఆ గుడ్డ చేతిలో పట్టుకుని మా గడపలోకి వచ్చింది. ఉపవాసంతో పెదవులు ఎండి ఉన్నాయి. గొంతు పెంచలేదు.

“జర నువ్వే చూడు చెల్లె. గోడ మోకాలెత్తు దాకా తడిసింది. వాన లేదు, ఏం లేదు. మీ తానాల నీళ్లే ఇటు వస్తున్నయి. ఈద్ ఇంకా పదిహేను రోజులు లేదు, మందికి నేనేం జవాబ్ చెప్పాలె?”

మా స్నానాల నీళ్లు మోరీకి పోతాయని చెప్పాను. తొట్టి నీళ్లు తరుగుతున్నాయని మాత్రం చెప్పలేదు. ఎందుకు దాచానో నాకే తెలియదు. చెబితే తప్పు మాదని ఒప్పుకున్నట్టు అవుతుందని భయపడి ఉంటాను. ఆమె వెళ్లాక మా వైపు గోడ చూశాను. బియ్యం సంచి ఆనించిన చోట సున్నం ఉబ్బి పొరలు పొరలుగా లేచింది. సంచి అడుగు బియ్యం ముక్కిన వాసన కొడుతున్నాయి.

మా ఆయన కంపెనీ ఫిట్టరును తీసుకొచ్చాడు. అతను తొట్టి చుట్టూ మూడుసార్లు తిరిగి, స్పానరుతో కొట్టి చప్పుడు విని, వెనక కాలు దగ్గర పూత పగిలిన చోట సన్నటి చీలిక ఉందన్నాడు. చీలికలు పూడ్చే తెల్లటి సఫేదా ముద్దలో జనపనార కలిపి అక్కడ మెత్తాడు. ఆ తర్వాత మూడు రోజులు నీళ్లు గీత నుంచి దిగలేదు. మాకు ప్రాణం లేచి వచ్చింది. నేను పోయి ఆపాకు చెప్పాను, ఇక తడి రాదని. ఆ మూడు రోజులు మామకు జ్వరమొచ్చి మంచం దిగలేదు. దానికీ దీనికీ సంబంధం ఉండొచ్చన్న ఆలోచన అప్పుడు మాకు ఎలా వస్తుంది?

నాలుగో రోజు మళ్లీ జానెడు నీళ్లు పోయాయి. గోడ మీద తడి ఇంకో నాలుగు ఇటుకలు పైకి పాకింది.

ఈసారి ఆపా దగ్గర ఏదీ దాచలేదు. గీతలు పెట్టిన సంగతి, నీళ్లు ఒకరోజు తరిగి ఒకరోజు తరగని సంగతి అంతా చెప్పాను. ఆమె నన్ను నమ్మినట్టు అనిపించలేదు. అయితే రేపు నేనొచ్చి నీళ్ల ముందర కూర్చుంటా, ఎటు పోతయో నేనే చూస్తా అంది.

మర్నాడు నల్లా ఆగాక వచ్చింది. ఇద్దరం స్నానాల గది ఎదురుగా వంటింటి గడప మీద కూర్చున్నాం. ఆమె కాజాలు కుట్టుకుంటోంది. నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. మా ఆయన ఆఫీసుకు పోయాడు. మామ వరండాలో ఉన్నాడు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, ఉపవాసం ఉన్న మనిషి ముందు ఆ వాసనకు నాకే సిగ్గనిపించింది.

పది గంటల వేళ మామ లోపలికి వచ్చాడు. ఆపాను చూసి తల ఊపి, బాగున్నవా బిడ్డా అని పలకరించాడు. స్నానాల గదిలోకి పోయాడు. తలుపు వేయలేదు. చొక్కా చేతులు మోచేతి పైదాకా మడిచాడు. తొట్టి మీదికి వంగి, గొలుసు పట్టి బిరడా లాగాడు. నీళ్లు గుడగుడమని తిరుగుతూ దిగుతుంటే నిటారుగా నిలబడి చూస్తూ ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నాడు. కాసేపటికి బిరడా పెట్టేసి, అరచేత్తో రెండుసార్లు అదిమి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

ఆపా సూది అలాగే పట్టుకుని ఉంది. నేనే అడిగాను, నీళ్లు ఎందుకు తీసినవ్ మామా అని.

ఆయన నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు.

“ఎక్కుతున్నయి బిడ్డా. పొద్దటి సంది చూస్తున్న, మీది దాకొచ్చినయి. తియ్యకపోతే ఎట్ల? కింద మంది ఉన్నరు.”

అని వరండాలోకి పోయాడు. కాసేపటికి వచ్చి అన్నం తిన్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. నిజంగానే తక్కువైంది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే ముఖం ఎర్రబడింది. నేను మామకు పిచ్చి అంటగడుతున్నానన్నాడు. బాపు ఈ ఊరి బజార్లన్నీ కళ్లు మూసుకుని తిరుగుతాడు, ముప్ఫై ఏళ్ల కింద తన పక్కన పనిచేసినవాళ్ల పేర్లు వరసగా చెబుతాడు, ఆయనకేం తక్కువైందన్నాడు. నా ఎదురుగానే పోయి తండ్రిని అడిగాడు. మామ ఆశ్చర్యపోయాడు. “నేనెందుకు తీస్త? ఇంట్ల నీళ్లకే కరువైతుంటే” అన్నాడు. అబద్ధమాడే ముఖం కాదది. ఆయన ముఖం చూసి నాకే అనుమానం వచ్చింది, పొద్దున చూసింది నిజమేనా అని.

ఆపా కూడా వచ్చి మా ఆయనతో మెల్లగా చెప్పింది. మా ఆయన నేల చూస్తూ విన్నాడు. మర్నాడు సెలవు పెట్టి తానే కాపలా కూర్చున్నాడు. మామ ఆ రోజంతా కొడుకు పక్కనే కూర్చుని, పాత దస్తీలు మడతపెట్టుకుంటూ, చిన్ననాడు గోదావరి ఒడ్డున బాసరకు నడిచిపోయిన కథలు చెప్పాడు. తొట్టి వైపు తల తిప్పి చూడలేదు. నీళ్లు గీత మీదే నిలబడ్డాయి. పొద్దుగూకాక మా ఆయన నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. అందులో కోపం లేదు. ఈమె ఎవరు, మా ఇంట్లోకి ఎందుకు వచ్చింది అన్నట్టుంది. ఆ వారమంతా నాకు ఏది నమ్మాలో తెలియలేదు. ఫిట్టరు చీలిక అంటాడు, అది నిజమే, నేనూ చూశాను. మామ తీయలేదంటాడు, అదీ నిజంలాగే ఉంది. నేను చూసింది నిజం. మూడు నిజాలు ఒకే తొట్టిలో ఎలా ఇముడుతాయో నాకు తోచలేదు.

గోడ మాత్రం తడుస్తూనే ఉంది. కాంపౌండరు కంపెనీలో చెప్పగా, ఈద్‌కు నాలుగు రోజుల ముందు ఒక మేస్త్రి గడ్డపార పట్టుకుని వచ్చాడు. తొట్టి నీళ్లు అసలు ఎటు పోవాలో చూద్దామని రంధ్రం కింద బండ తీశాడు. అక్కడి నుంచి ఒక మట్టి గొట్టం గోడ వైపు పోతోంది. దాని వెంబడి గోడ పక్కన నడుములోతు గుంత తవ్వాడు. అప్పుడు తెలిసింది. దొర ఉన్న రోజుల్లో తొట్టి మోరీ ఇల్లు దాటి అటువైపు పెరట్లోకి పోయేదట. ఇల్లు పంచినప్పుడు గోడకు పునాది సరిగ్గా దాని మీదే వేశారు. గొట్టం నలిగి ముక్కలై మూసుకుపోయింది. బిరడా తీసిన ప్రతిసారీ నీళ్లు బయటికి దారి లేక పునాదిలో నిలిచి, ఇటుకల్లోకి ఎక్కుతున్నాయి. నీళ్లు ఎటు పోతున్నాయో ఇప్పుడు తెలిసింది. ఎవరు పంపుతున్నారన్నది మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

మేస్త్రి గుంతలో దిగి నిలబడి, నలిగిన గొట్టం ముక్కలు పైకి అందిస్తున్నాడు. మా ఆయన అందుకుంటున్నాడు. గుంతలో పిక్కల దాకా నల్లటి నీళ్లు ఊరాయి. బజారు నుంచి తిరిగి వచ్చిన మామ గది గుమ్మంలో ఆగాడు. చేతిలో పొగాకు పొట్లం కింద పడిపోయింది. ఒక్క అంగలో వచ్చి బోర్లా పడుకుని మేస్త్రి చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

“పైకి రా. ఇడిసిపెట్టు సామాను, పైకి రా. పంపు ఆగింది.”

అరవలేదు. పనిలో ఉన్నవాడు పక్కవాడికి చెప్పినట్టు చెప్పాడు. మేస్త్రి బిత్తరపోయి వెనక్కి లాక్కున్నాడు. మామ వదల్లేదు. అరవై దాటిన ఆ చేతులకు అంత బలం ఎక్కడిదో, పడుచు మనిషిని నడుము దాకా పైకి లాగేశాడు. మా ఆయన “బాపూ, బాపూ” అని భుజం పట్టుకుంటే ఆయన వైపు తిరిగి, “నువ్వెవరివో జల్దీ పోయి మిగిలినోళ్లకు చెప్పు” అన్నాడు.

కొడుకును పట్టుకుని నువ్వెవరివో అన్నాడు. మా ఆయన అక్కడే ఆ తవ్విన మట్టి మీద కూలబడ్డాడు. మేస్త్రి పైకి వచ్చి నిలబడ్డాక మామ అతన్ని పైనుంచి కింద దాకా చూసి, ఊపిరి వదిలి, చేతుల మట్టి దులుపుకుని, గుమ్మంలో పడ్డ పొగాకు ఏరుకున్నాడు. సాయంత్రానికి కొడుకును పేరు పెట్టి పిలిచి మంచినీళ్లు అడిగాడు. పొద్దున జరిగింది ఆయనకు గుర్తు లేదు.

బావిలో ఎప్పుడో ఏదో ఘోరం జరిగి ఉంటుందని, అది ఆయన మనసులో ఉండిపోయిందని మేం అనుకున్నాం. మా ఆయన వెతుక్కుంటూ పోయి, మామతో కలిసి పనిచేసి కొలువు దిగిపోయిన ఒక ముసలాయనను అడిగాడు. ఆయన ఆలోచించి, పంపు ఒకసారి ఆగింది నిజమేనని, కానీ అందరూ పైకి వచ్చేశారని, ఒక్కరికి గీటు కూడా పడలేదని, మీ బాపు ఉండగా ఆ బావిలో నీళ్లలో ఎవరూ పోలేదని చెప్పాడు. అది విన్నాక మాకు ఇంకా అయోమయమైంది. అందరూ బతికి వచ్చారు. మరి ఈయన కింద ఉన్నారంటున్న మంది ఎవరు? ఈ ప్రశ్న మా ఆయన ఆ రోజు ఒక్కసారి అడిగాడు.

మేస్త్రి కొత్త గొట్టం వేసి, మోరీని మా పెరటి వైపు తిప్పాడు. తొట్టి నింపడం మానేశాం. రెండు ఇనుప డ్రమ్ములు తెచ్చుకుని మూతలు పెట్టాం.

ఆపా బట్టల సంగతి అంత తేలికగా తేలలేదు. తెల్లగుడ్డ మరకలు ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. పెళ్లికి మా అవ్వ పెట్టిన కొత్త మల్లుగుడ్డ నా ట్రంకులో ఉంటే తీసి ఇచ్చాను. ఇద్దరి పిల్లల లాల్చీలకు సరిపోయింది. కుట్టడానికి రోజులు చాలకపోతే నేను మధ్యాహ్నాలు పోయి ఆమె చెప్పినట్టు మిషను చక్రం తిప్పాను, గుండీలు కుట్టాను. ఎర్ర జాకెట్టు గుడ్డ ఇచ్చినామె మాత్రం ఎంత చెప్పినా వినలేదు, మళ్లీ ఆపా దగ్గర ఎప్పుడూ కుట్టించుకోలేదు. దానికి ఆపా నన్ను ఒక్క మాట అనలేదు. ఈద్ నాడు షీర్ ఖుర్మా గిన్నె తెచ్చి మామ చేతికే ఇచ్చింది. ఆయన తిని, గిన్నె కడిగి, తానే పోయి తిరిగి ఇచ్చి వచ్చాడు.

రెండేళ్లకు మా ఆయనకు ఇంకో బావుల ఊరికి బదిలీ అయింది. అక్కడ వరస క్వార్టర్లలో రెండు గదులు, వాకిట్లో నల్లా. వెళ్లిన మొదటి రోజు సామాను దించుతుండగానే మామ నన్ను పిలిచి, ఇక్కడి నీళ్లు ఎటు పోతయి అని అడిగాడు. నాకూ తెలియదు. ఇద్దరం నల్లా దగ్గర మొదలుపెట్టి మోరీ వెంబడి నడిచాం. అది క్వార్టర్ల వెనక నుంచి తిరిగి, తుమ్మచెట్ల పక్క నుంచి పోయి, రోడ్డు కింద చిన్న కల్వర్టు దాటి ఒక వాగులో కలిసింది. మామ కల్వర్టు మీద నిలబడి నీళ్లు పోతుంటే చూసి, తల ఊపి, మంచిగనే పోతున్నయి అన్నాడు. మర్నాడు మళ్లీ అదే అడిగాడు. మళ్లీ నడిచాం. అలా దాదాపు ఏడాది పాటు రోజూ పొద్దున నల్లా ఆగాక ఆయనను వాగు దాకా తీసుకుపోయి తీసుకువచ్చేదాన్ని. ఒకరోజు నన్ను కోడలిగా గుర్తుపట్టేవాడు, ఒకరోజు బావిలో తనతో పనిచేసే ఎవరో అనుకుని, జాగ్రత్తగా నడువు, కాలు జారుతది అనేవాడు. రెంటికీ సరేననేదాన్ని. ఆ ఏడు కార్తీకంలో ఆయన నిద్రలోనే పోయాడు.